వంటిల్లు సర్దుకున్నాక... ఈ ఏడాది మేం చదివిన నవలలు

నవల చదువుతున్న ఆడదాన్ని చూస్తే మన ఇళ్లలో ఇప్పటికీ ఒక మాట వినబడుతుంది. "ఏం, పనేం లేదా?" అని. టీవీ ముందు రెండు గంటలు కూర్చుంటే ఎవరూ అనరు. సెల్‌ఫోన్లో రీళ్లు చూస్తూ రాత్రి పదకొండు కొట్టినా అనరు. చేతిలో పుస్తకం కనబడితే మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నట్టే చూస్తారు. ఈ మాట పడని పాఠకురాలు మనలో ఎవరైనా ఉన్నారా, చెప్పండి!

నేను చదివింది ఇంటర్మీడియెట్. పుట్టిల్లు మిర్యాలగూడ, మెట్టినిల్లు సూర్యాపేట. మా అక్కనిచ్చింది కోదాడ. మాకు ముగ్గురికీ, అంటే అమ్మకు, అక్కకు, నాకు నవలల పిచ్చి ఉంది. ఒకరి దగ్గరున్న పుస్తకం ఇంకొకరికి పండక్కో పబ్బానికో వెళ్లినప్పుడు సంచిలో చీరెల మధ్య పెట్టుకుని తీసుకుపోతాం. ఇదివరకు చదివి ఇచ్చేసేవాళ్లం, అంతే. ఈ ఏడాది మాత్రం చదివిన ప్రతి నవల మీదా మా ఇళ్లలో ఏదో ఒక వాదన నడిచింది. మా అత్తమ్మ ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. పొలం అమ్మకం గురించి మా అమ్మ నోరు విప్పింది. మా అమ్మాయి ఉద్యోగం విషయం ఒక కొలిక్కి వచ్చింది. అందుకే ఇది రాయాలనిపించింది.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు. విమర్శ నాకు రాదు. కూర తిన్నవాళ్లు ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు, చదివినప్పుడు నాకేమనిపించిందో చెబుతాను. మీకు వేరేగా అనిపిస్తే అదీ మంచిదే.

అద్దె నవలల నుంచి...

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, అంటే 1990లలో, మా మిర్యాలగూడలో నవలలు అద్దెకిచ్చే చిన్న చిన్న షాపులుండేవి. రోజుకు రూపాయి. ఒక్కరోజు దాటితే ఇంకో రూపాయి కాబట్టి అక్క, నేను ఒకే పుస్తకాన్ని చెరో పూట చదివేవాళ్లం. యద్దనపూడి, యండమూరి, మల్లాది – అట్ట ఊడిపోయి, కుట్లు తెగి, ఎవరో కూర మరకలు చేసిన పుస్తకాలు. చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే ముగింపు మేమే కల్పించుకునేవాళ్లం. తర్వాత ఇంటింటికీ కేబుల్ కనెక్షన్ వచ్చింది. ఆ షాపులు ఒక్కొక్కటే జిరాక్సు సెంటర్లు, ఫ్యాన్సీ షాపులు అయిపోయినయి.

ఇప్పుడు మాకు పుస్తకాలు రెండు దిక్కుల నుంచి వస్తాయి. సూర్యాపేట అటు విజయవాడకు, ఇటు హైదరాబాదుకు ఇంచుమించు సమాన దూరం. కోదాడ అక్కా వాళ్లకు విజయవాడ దగ్గర కాబట్టి జనవరిలో అక్కడ జరిగే పుస్తకాల పండగ నుంచి అక్క తెస్తుంది. హైదరాబాదు బుక్ ఫెయిర్ నుంచి మా తమ్ముడు తెస్తాడు. అలా పోగైన వాటిలోంచి ఈ ఏడాది చదివినవి ఇవి.

'సెక్రటరీ' – అప్పుడొకటి, ఇప్పుడొకటి

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిన సినిమాగా కూడా వచ్చింది. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన సులోచనారాణి గారు 2018లో అమెరికాలో పోయారని తెలిసినప్పుడు అక్క కోదాడ నుంచి ఫోన్ చేసి, "మన రాజశేఖరం దిక్కులేనివాడయ్యిండే" అంది.

పదిహేడేళ్లప్పుడు చదివితే నాకు కనబడింది రాజశేఖరం కారూ, అతని మాటతీరూ. ఇప్పుడు నలభై దాటాక చదివితే జయంతి కనబడింది. ఎదుటివాడు ఎంత డబ్బున్నవాడైనా సరే, తన ఉద్యోగం తనకు కావాలి, తన మర్యాద తనకు కావాలి అనుకునే పిల్ల. ఆ రోజుల్లో ఆఫీసులో పనిచేసే ఆడపిల్ల గురించి నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటల మధ్య తల ఎత్తుకుని నడిచే పిల్లను నాయికగా పెట్టడం చిన్న విషయమేం కాదు.

ఒక్కటి మాత్రం ఈసారి తట్టింది. ఇంత పెద్ద నవలలో అంట్లు తోమేది ఎవరు, బట్టలు ఉతికేది ఎవరు అన్న ఊసే మనకు పట్టదు. ఆ మాటే అక్కతో అంటే, "పొద్దంతా తోముతనే ఉంటం. చదివేటప్పుడు గూడ తోముడేనా? కాసేపన్న కారెక్కనియ్యవే" అంది. అదీ నిజమే అనిపించింది. కలల నవలల్ని చిన్నచూపు చూసేవాళ్లు ఇది గమనించాలి. పొద్దున అయిదింటికి లేచిన మనిషికి మధ్యాహ్నం ఒక గంట వేరే ఊరికి పోయివచ్చినట్టుంటే తప్పేముంది? కాకపోతే ఎప్పుడూ అదే ఊరికి పోతే ఎట్లా, వేరే ఊళ్లు కూడా చూడాలి కదా అని నాకనిపిస్తుంది.

'కాలాతీత వ్యక్తులు' – ఇందిరను తిట్టలేకపోయాం

డాక్టర్ పి. శ్రీదేవి గారు రాసిన నవల ఇది. 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. ఈ కథ ఆధారంగానే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా తీశారు. ఆవిడ వృత్తికి డాక్టరు. 1961లో, ముప్పై రెండేళ్లు నిండకముందే పోయారు. ఇంకా బతికి ఉంటే ఎన్ని నవలలు రాసేవారో!

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. ఇందిర ఆఫీసులో ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. ఆ తండ్రికి బిడ్డ కష్టం పట్టదు. వాళ్ల మేడ మీద గదిలో ప్రకాశం అని డాక్టరు చదివే కుర్రాడు అద్దెకుంటాడు. అతని స్నేహితుడు కృష్ణమూర్తి. కల్యాణి అని ఇంకో అమ్మాయి, నెమ్మదైనది. ప్రకాశం మంచివాడే, కానీ దేనికీ గట్టిగా నిలబడలేడు. అటు కల్యాణి, ఇటు ఇందిర, మధ్యలో మేనమామ మాట. ఆఖరికి మేనమామ వెంట వెళ్లిపోతాడు. ఇంకో నవల అయితే ఇందిర ఏడ్చి ఏడ్చి మంచం పట్టేది, లేదా నూతిలో దూకేది. ఈ ఇందిర అలా కాదు. తన బతుకు తను చూసుకుంటుంది. కృష్ణమూర్తిని పెళ్లి చేసుకుంటుంది.

మొదటిసారి చదివేవాళ్లకు ఇందిర మీద కోపం వస్తుంది. మా అమ్మకు వచ్చింది. "గంత స్వార్థమా ఆడపిల్లకు" అంది. మా అమ్మాయి మాత్రం ఇందిర పక్షం. దానికి ఇరవయ్యొకటి. బీకాం అయింది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉండాలి. వాళ్ల నాన్న ఊగిసలాడుతున్నారు – పంపిద్దామా, సంబంధాలు చూద్దామా అని. భోజనాల దగ్గర ఈ నవల మాట వచ్చింది. అది అంది కదా – "అమ్మమ్మా, ఇందిర జీతం ఏం చేసిందో అందరికీ కావాలె. ఆఫీసు నుంచి వచ్చినంక అలసిపోయినవా అని ఒక్కరన్న అడిగిన్రా?"

మా వారు నవలలు చదవరు. పళ్లెంలో చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చున్నారు. మర్నాడు ఆయనే అడిగారు, ఆ హాస్టల్ ఎక్కడ, ఆఫీసుకు ఎంత దూరం అని. ఇద్దరూ వెళ్లి చూసి వచ్చారు. అది ఒక్క షరతు పెట్టింది – జీతం తన పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఇంటికి ఎంత ఇవ్వాలో తనే ఇస్తుంది అని. నవల చదివి ఉద్యోగానికి పంపామని నేననను. కానీ ఇంట్లో తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేని మాటని ఇందిర పేరు పెట్టి మాట్లాడుకోగలిగారు. అది మాత్రం నేను కళ్లారా చూశాను.

'చిల్లర దేవుళ్లు' – అత్తమ్మ చెప్పిన మాట

మా అత్తమ్మకు డెబ్భై ఏళ్లు. కూడబలుక్కుని సినిమా పోస్టర్లు చదువుతుంది గానీ పుస్తకం చదవలేదు. మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ కూర్చున్నప్పుడు నేను పైకి చదువుతుంటే వింటుంది. దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' అలా పది, పన్నెండు రోజులు చదివాను.

రంగాచార్య గారిది అప్పటి వరంగల్లు జిల్లా చినగూడూరు. 1928లో పుట్టి 2015లో పోయారు. నిజాం కాలంలో, పోలీసు చర్యకు ముందు, ఒక తెలంగాణ పల్లె ఎట్లా ఉండేదో ఈ నవల చెబుతుంది. బెజవాడ నుంచి సారంగపాణి అనే సంగీతం తెలిసిన యువకుడు బతుకుతెరువుకని ఆ ఊరికొస్తాడు. దొర రామారెడ్డి గడిలో ఆశ్రయం దొరుకుతుంది. అతని కళ్లతో మనం ఊరంతా చూస్తాం. దొర ఒక దేవుడు, కరణం ఒక దేవుడు. ఆ పేరు అందుకే పెట్టారు. ఆ గడిలో వనజ ఉంటుంది. ఆమె ఆడబాప.

ఆడబాప అంటే ఈకాలం పిల్లలకు తెలియదు. దొరల ఇంటి ఆడపిల్లకు పెళ్లి చేసి పంపేటప్పుడు మంచం, బిందెలు, ఆవులతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా వెంట పంపేవారు. ఇక ఆ పిల్లకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. జీవితాంతం ఆ గడిలో చాకిరి. గడిలోని మగవాళ్లు, వచ్చిపోయే అతిథులు ఏం చేసినా నోరెత్తకూడదు. 1988లో బి. నర్సింగరావు గారు తీసిన 'దాసి' సినిమా కూడా ఈ సంగతే చెబుతుంది. అందులో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

వనజ భాగం చదువుతుంటే అత్తమ్మ చేతిలో చేట ఆగిపోయింది. కాసేపటికి చెప్పింది. వాళ్లమ్మ, అంటే మా వారికి అమ్మమ్మ, చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊళ్లో గడికి వడ్లు దంచడానికి వెట్టికి పోయేదట. పొద్దున పోతే పొద్దుగూకేదాకా రోకలి. కూలి లేదు, తిండి లేదు. ఒకరోజు ఆకలికి తట్టుకోలేక గుప్పెడు నూకలు కొంగున కట్టుకుంటే, వాకిట్లో అందరి ముందర ముడి విప్పించి కోళ్లకు పోయించారట. "మా అమ్మ సచ్చిపోయేదాక నూకలు చూస్తే ఆ ముచ్చట చెప్పేది బిడ్డా" అంది. మా ఇంట్లో అత్తమ్మ నూకలు పారేయనివ్వదు. వేరే డబ్బాలో పోసి ఉప్మాకో, గటకకో వాడిస్తుంది. ఎందుకో నాకు ఆరోజు తెలిసింది. ఈ ఇంటికి వచ్చి ఇరవై మూడేళ్లయినా ఆ మాట ఎప్పుడూ ఆమె నోట రాలేదు.

నవలలో ఇంకో విషయం. మనుషుల మాట మన మాటే. ఉర్దూ పలుకులు కలిసిన తెలంగాణ మాట. అద్దె షాపులో తెచ్చుకున్న నవలల్లో నాయికలు మాట్లాడే తెలుగు వేరు, మా ఇంట్లో మేం మాట్లాడేది వేరు. పుస్తకంలో అచ్చయ్యే భాష మనది కాదేమో అన్న భావన చిన్నప్పటి నుంచీ ఉండేది. అత్తమ్మ ఈ నవల వింటూ, "ఇది మన దిక్కోడే రాసిండు" అని మొదటిరోజే పట్టేసింది.

మన జిల్లా మనుషులు

'చిల్లర దేవుళ్లు' తర్వాత అదే వరుసలో వట్టికోట ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి' చదివాను. 1955లో వచ్చింది. తెలంగాణ జీవితం మీద వచ్చిన తొలి నవలల్లో ముఖ్యమైనదిగా చెబుతారు. ఆళ్వారుస్వామి గారిది మన నల్గొండ జిల్లానే, నకిరేకల్ దగ్గరి ఊరు. ఆయన జీవితమే ఒక నవల. చిన్నతనంలో ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా పనిచేశాడు. తర్వాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి ఊరూరా తిరిగి అమ్మాడు. జైలుకు పోయాడు. 1961లో, నలభై అయిదేళ్లకే పోయాడు. వంట చేసే చేతులు నవల రాయలేవని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి.

నవలలో నాయకుడు కంఠీరవం. పేద కుటుంబం వాడు. దొరకు ఎదురు నిలుస్తాడు. నాకు మధ్యమధ్యలో ఉపన్యాసంలా అనిపించిన చోట్లున్నాయి. అక్కడ రెండు పేజీలు గబగబా తిప్పాను. కానీ అప్పట్లో సభ పెట్టుకోవడానికి, బడి పెట్టుకోవడానికి, ఆఖరికి తెలుగులో చదువుకోవడానికి ఎంత కష్టపడ్డారో తెలిసింది.

నవల మనిషినేం చేస్తుంది అని అడిగేవాళ్లకు మన సూర్యాపేట దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు చిన్నతనంలో గోర్కీ రాసిన 'అమ్మ' నవల ప్రభావం తనమీద ఎంత ఉందో చెప్పుకున్నారు. ఎక్కడో రష్యాలో ఫ్యాక్టరీ కూలీ తల్లి కథ! అది మన మారుమూల పల్లెలో ఒక చిన్నపిల్ల చేతికందింది. ఆ పిల్ల తమ ఇంట్లో వెట్టి చేసేవాళ్లకు బియ్యం కొలిచి ఇచ్చింది. తర్వాత సాయుధ పోరాటంలో తుపాకీ పట్టింది, ఎమ్మెల్యే అయింది. 2022 మార్చిలో ఆమె కన్నుమూశారు. ఆమె చెప్పగా రాసిన 'నా మాటే తుపాకీ తూటా' నవల కాదు, సొంత జీవితం. కానీ నవల కన్నా వేగంగా చదివిస్తుంది.

'మట్టిమనిషి' – మా అన్నదమ్ములు, మా అమ్మ సంతకం

వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టిమనిషి' గుంటూరు ప్రాంతపు రైతు కథ. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు దీన్ని ఇతర భారతీయ భాషల్లోకి కూడా తెప్పించారు. సాంబయ్య ఒట్టి చేతులతో మొదలుపెట్టి, మట్టిలో పడి దొర్లి, ఎకరానికి ఎకరం కలుపుతాడు. ఊళ్లో చితికిపోతున్న పెద్దింటి బలరామయ్య బిడ్డ వరూధినిని కొడుకు వెంకటపతికి చేసుకుంటాడు. ఆ కోడలికి పల్లె గిట్టదు. మొగుణ్ణి పట్నానికి లాక్కుపోతుంది. అక్కడ ఒక కాంట్రాక్టరు చేతిలో పడి ఆస్తి కరిగిపోతుంది. ఆఖరికి మనవడు తాత దగ్గరికి, మట్టి దగ్గరికి వస్తాడు.

కోదాడలో అక్క అత్తగారు ఈ కథ విని, "ఆడది తల్చుకుంటే ఇల్లు ఆరిపోతది అనేది ఇందుకే" అందట. అక్కకూ నాకూ ఇక్కడే అభ్యంతరం. వరూధిని తప్పు చేయలేదని కాదు. కానీ పెద్దింటి పిల్లను కోడలిగా తెచ్చుకుంటే తన పరువు పెరుగుతుందని లెక్కవేసింది సాంబయ్యే. ఆ పిల్లను అడిగిందెవరు? రాసిన సీతాదేవి గారు కూడా ఆడమనిషే. ఆవిడ వరూధినికి ఆ ఇల్లు ఎందుకు ఊపిరాడకుండా అనిపించిందో కూడా చెప్పారు. మనం తొందరలో చదివి ఆ పేజీలు మరిచిపోతాం, శిక్ష మాత్రం గుర్తుపెట్టుకుంటాం.

ఈ నవల మిర్యాలగూడ పోయేసరికి వాదన వేరే దారి పట్టింది. మాకు అక్కడ సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల పది గుంటల పొలం ఉంది. కాలువ రాకముందు ఆ నేలలో జొన్నలు, ఆముదాలు తప్ప ఏం పండేవి కావని మా నాయనమ్మ చెప్పేది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలాక వరి వచ్చింది, వెనకే రైసుమిల్లులు వచ్చినయి, ఊరు ఊరే మారిపోయింది. నాయన పోయాక పొలం అమ్మ పేరు మీదికి వచ్చింది. రెండేళ్లుగా అన్నా, తమ్ముడూ అది అమ్మేసి హైదరాబాదు శివార్లలో ప్లాటు కొందామని అంటున్నారు. వాళ్ల లెక్క వాళ్లది. ఎరువుల ధర, కూలి ధర చూస్తే సేద్యంలో ఏం మిగులుతుంది అంటారు. అదీ అబద్ధం కాదు.

అమ్మ 'మట్టిమనిషి' నాలుగు రోజుల్లో చదివేసింది. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ప్లాటు మాట మళ్లీ వచ్చింది. సకినాలు చుట్టుకుంటూనే అంది – "అమ్ముతరా, ఉంచుతరా మీ ఇష్టం కాదు. సంతకం నాది. నన్ను ఒక్కసారన్న అడిగిన్రా? పైసలకు కాళ్లుంటయి బిడ్డా, పొలానికి ఉండవు." అందరం నిశ్శబ్దం. తర్వాత తమ్ముడే, "నీకేం చెయ్యాలని ఉందో చెప్పమ్మా" అన్నాడు. ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడగ్గా నేను వినడం అదే మొదలు. ఈ ఏడు పొలం కౌలుకిచ్చింది. కౌలు డబ్బు తన చేతిలోనే ఉంచుకుంది. వచ్చే ఏడు ఏమవుతుందో చూడాలి. అమ్మేస్తారేమో కూడా. అమ్మినా ఆమెను అడిగే అమ్ముతారు.

జంతువుల కథలు, మనుషుల కథలు

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. పాఠ్యపుస్తకం తప్ప ఇంకేదీ ముట్టడు. వాడికి డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చాను. సన్నగా ఉంది కదా అని తీసుకున్నాడు. రాత్రి లైటు ఆర్పకుండా పూర్తి చేశాడు.

కథ ఒక్క రాత్రిది. పందులు మేపుకునే ఒక ముసలాయన. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆడపంది సాయంత్రం ఇంటికి రాదు. బల్లెం పట్టుకుని అడవిలోకి పోతాడు. చీకటి, నక్కలు, పిల్లల్ని పెట్టిన తల్లి కోపం. ఏమవుతుందో నేను చెప్పను, చదవండి. ప్రేమ లేదు, పాట లేదు, మాట్లాడుకోవడానికి రెండో మనిషే లేడు. అయినా పుస్తకం కింద పెట్టలేం. పక్కింటావిడ "పందుల కథా?" అని ముక్కు విరిచింది. చదివాక రెండు రోజులు ఇవ్వలేదు, వాళ్లాయనకు చదివి వినిపిస్తోందట. కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి సేవ చేసిన డాక్టరు. 2015లో పోయారు.

పెద్దింటి అశోక్ కుమార్ గారి 'జిగిరి' చదివి అక్క ఏడ్చింది. జిగిరి అంటే ప్రాణస్నేహం. ఇమాం ఎలుగుబంటిని ఆడించి బతికేవాడు. ఆ ఎలుగు, షాదుల్, అతనికి కొడుకుతో సమానం. చట్టం వచ్చింది, ఎలుగును ఆడించకూడదు. ప్రభుత్వం ఇచ్చే భూమి కావాలంటే ఎలుగు ఇంట్లో ఉండకూడదు. చదువుకున్న కొడుకు చాంద్‌కు భూమి కావాలి. తండ్రికి షాదుల్ కావాలి. తల్లి బీబమ్మ మధ్యన నలిగిపోతుంది. ఎవరిది తప్పు అంటే చెప్పలేం. చాంద్ చెడ్డవాడు కాదు, వాడి ఆకలి వాడిది.

అక్క ఏడ్చిందెందుకో నాకు తెలుసు. కోదాడలో కొత్త ఇల్లు కట్టేటప్పుడు కొట్టం తీసేసి, పదకొండేళ్లు పాలిచ్చిన బర్రెను అమ్మేశారు. ఇంట్లో వాళ్లందరికీ స్లాబు ఇల్లు వచ్చింది, సంతోషమే. బర్రె మాత్రం రెండుసార్లు తాడు తెంపుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడిందట. అక్క ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారని. 'జిగిరి' చదివాక నాకు ఫోన్ చేసి అరగంట చెప్పింది.

వంటలూ నవలలూ ఒక చేత్తోనే

మాలతీ చందూర్ గారి పేరు తెలియని గృహిణి మన వయసు వాళ్లలో ఉండదు. 'వంటలు–పిండివంటలు' పుస్తకం చూసి పాకం పట్టడం నేర్చుకున్నవాళ్లం ఎందరమో. ఆవిడే 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ప్రపంచంలోని ఎన్నో నవలల్ని మనకు తేట తెలుగులో పరిచయం చేశారు. ఆవిడ నవల 'హృదయనేత్రి'కి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 2013లో ఆవిడ పోయారు. బొబ్బట్లు ఎలా చేయాలో చెప్పిన చెయ్యే నవల ఎలా చదవాలో కూడా చెప్పింది కదా! ఇంకా ఈ రెండూ పొసగవని అనుకోవడమెందుకు?

మేం పెట్టుకున్న పద్ధతులు కొన్ని చెబుతాను, మీకు పనికొస్తే వాడుకోండి.

* రోజుకు ఇరవై పేజీలు చాలు. కుక్కర్ మూడు కూతల మధ్య నాలుగు పేజీలు అవుతాయి. నెలకు రెండు నవలలు తేలిగ్గా పూర్తవుతాయి.

* చదవడం రాని పెద్దవాళ్లుంటే పైకి చదవండి. వాళ్లకు కాలక్షేపం, మనకు వాళ్ల మాటలు. బియ్యం ఏరేటప్పుడు, చిక్కుడుకాయ ఒలిచేటప్పుడు మంచి సమయం.

* ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పాలు, చాకలి పద్దు రాసే పుస్తకంలోనే వెనక పేజీలు చాలు. నవల పేరు, రాసినవారి పేరు, నచ్చింది ఒక ముక్క, నచ్చనిది ఒక ముక్క. ఆరు నెలల తర్వాత చదివితే మన అభిప్రాయాలు ఎలా మారాయో మనకే తెలుస్తుంది.

* కొనలేకపోతే ఊళ్లోని గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. మొదట్లో నేను ఒక్కదాన్నే పోవడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు మా వీధి నుంచి ముగ్గురం కలిసి పోతున్నాం.

* కలల నవల ఒకటి, కష్టాల నవల ఒకటి – వంతులవారీగా చదవండి. ఎప్పుడూ తీపే తింటే వెగటు, ఎప్పుడూ కారమే తింటే మంట.

* పుస్తకం అరువిచ్చేటప్పుడు ఎవరికిచ్చామో రాసుకోండి. గిన్నె ఇస్తే అడిగి తెచ్చుకుంటాం, పుస్తకం అడగడానికి మాత్రం సిగ్గుపడతాం!

ఇక మా మూడిళ్ల వరుసలో తర్వాత రెండు పుస్తకాలున్నాయి. ఒకటి మన నల్గొండ జిల్లాకే చెందిన ముదిగంటి సుజాతారెడ్డి గారి 'మలుపు తిరిగిన రథచక్రాలు'. ఇంకోటి వేముల ఎల్లయ్య గారి 'కక్క' – 2000లో వచ్చింది, మన నల్గొండ మాదిగవాడల మాటలోనే మొదలు నుంచి చివరి దాకా రాసిన నవల. మొదటి నాలుగు పేజీలు అత్తమ్మకు చదివి వినిపించాను. నాకు తెలియని మాటలు ఆమె విడమరిచి చెబుతోంది. ఈసారి చదవడం నా వంతు, అర్థం చెప్పడం ఆమె వంతు. మీ ఇంట్లో కూడా అలా అర్థాలు చెప్పగల పెద్దవాళ్లుంటే ఆలస్యం చేయకండి.